మంచు ప్రాంతాల్లో ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ వేడిపై జాగ్రత్తలు

చికాగో, టొరంటో లాంటి చోట్ల చలికాలంలో ఉష్ణోగ్రత ఒక్కోసారి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో చాలామంది నడిపేది ఆటోమేటిక్ కార్లే. అంత చలిలో గేర్‌బాక్స్ ఆయిల్ చిక్కబడుతుంది. అందుకే పొద్దున్నే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. కాసేపటికి సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. ఈ ఆయిల్ సుమారు 80 నుంచి 95 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తుంది.

స్టార్ట్ చేశాక ఒకటి రెండు నిమిషాలు ఆగితే చాలు. పార్క్‌లో పెట్టి అరగంట ఉంచితే ఇంజిన్ వేడెక్కుతుంది గానీ గేర్‌బాక్స్ అంతగా వేడెక్కదు. మొదటి పది నిమిషాలు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా మెల్లగా నడపండి. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజిన్ ఆన్‌లో ఉంచకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

అసలు ముప్పు కారు మంచులో ఇరుక్కున్నప్పుడు. డ్రైవ్, రివర్స్ మార్చి మార్చి చక్రాలు గిరగిరా తిప్పితే, బయట ఎంత చలి ఉన్నా ఆయిల్ కాగిపోయి లోపలి క్లచ్‌లు దెబ్బతింటాయి. రెండు మూడుసార్లకు కదలకపోతే ఆపేయండి. చక్రాల చుట్టూ మంచు తవ్వి, ఇసుక చల్లి, నెమ్మదిగా బయటికి తీయండి. గేర్‌బాక్స్ వేడి హెచ్చరిక లైటు వెలిగితే పక్కకు ఆపి చల్లారనివ్వండి. ఆయిల్ మార్చేటప్పుడు కారు మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయించండి.