మన పిల్లల చేతి చరిత్ర పుస్తకము



తెనాలి నుండి రేపల్లె పోవు రైలుబండిలో మీలో అనేకులు ప్రయాణము చేసియుందురు. కొంతకాలము క్రిందట ఆ బండిలో నా యెదుట ఒక బాలుడు కూర్చుండి సాంఘిక శాస్త్ర పుస్తకము వల్లెవేయుచుండెను. మొదటి పానిపట్టు యుద్ధము 1526, రెండవది 1556, మూడవది 1761. మరునాడు పరీక్ష కాబోలు, కండ్లు మూసికొని చెప్పుకొనుచుండెను. వేమూరు దాటి బండి భట్టిప్రోలులో ఆగినప్పుడు నేను, “ఏం బాబూ, ఈ ఊరిని గూర్చి నీ పుస్తకంలో ఏమైనా ఉన్నదా?” అని అడిగితిని. వాడు కిటికీలోనుండి తొంగిచూచి, నా వైపు తిరిగి, “ఈ ఊళ్లో ఏముంటుందండీ అయ్యగారూ?” అనెను.

వానిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. ఆ వయస్సులో నేనును పానిపట్టు వల్లించినవాడనే. భట్టిప్రోలు పేరు పాఠ్యపుస్తకములలో బొత్తిగా లేదని కాదు. అమరావతి, ఘంటసాల, భట్టిప్రోలు అని బౌద్ధ క్షేత్రముల వరుసలో అది కనబడును. పిల్లవాడు ఆ వరుసను బట్టీ పట్టును, మార్కులు వచ్చును, అంతటితో సరి. ఆ పేరును, తాను కిటికీలోనుండి చూచు ఊరును ఒక్కటే యని వానికి తోచదు.

యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు పండ్రెండు రాళ్లను నిలిపిన సంగతి మీరెరిగినదే. ఆ రాళ్లు దాటినవారి కొరకు కాదు, మున్ముందు అడుగబోవు పిల్లల కొరకు. మన దగ్గర రాళ్లున్నవి. అడుగు పిల్లలును ఉన్నారు. జవాబు చెప్పవలసిన పెద్దలు ఏమి చెప్పుచున్నారో చూడవలెను.

భట్టిప్రోలులో ఒక పెద్ద దిబ్బ కలదు. అది ఒక బౌద్ధ స్తూపము యొక్క శేషము. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండరు రీ దానిని త్రవ్వించెను. నడిభాగమున, ఒకదాని క్రింద ఒకటిగా, మూడు రాతి పెట్టెలు దొరికెను. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు ఉండెను. అయితే బంగారము కంటె విలువైనది ఆ పెట్టెల అంచులమీద చెక్కిన వ్రాత. వియన్నా విశ్వవిద్యాలయములో పనిచేసిన జర్మను పండితుడు జార్జి బ్యూలరు దానిని చదివి 1894లో అచ్చువేయించెను. అవి క్రీస్తు పూర్వము 3వ లేక 2వ శతాబ్దపు వ్రాతలని పండితుల నిర్ణయము. తెలుగు దేశములో దొరికిన అతి ప్రాచీనమైన వ్రాతలలో అవి చేరును. భాష మాత్రము తెలుగు కాదు, ప్రాకృతము.

ఆ అక్షరములును కొంత విచిత్రమైనవి. అశోకుని శాసనముల బ్రాహ్మీ లిపిలో ‘క’ అను అక్షరమునకు ఏ గుర్తును అక్కరలేదు, ‘అ’కారము దానిలోనే యుండును. భట్టిప్రోలులో వ్రాసినవారు ఆ ‘అ’కారమునకు కూడ ఒక చిన్న గీతను చేర్చిరి. మన పిల్లలు తలకట్టు పెట్టునట్లు అనుకొనుడి. ఇదే మన తలకట్టుకు పుట్టిల్లని నేను చెప్పుట లేదు. అట్టి మాట తొందరపడి అనకూడదు. కాని మొదటి తరగతి పిల్లవాడు పలకమీద తలకట్టు దిద్దునప్పుడు, రెండువేల యేండ్లకు పూర్వము నీ పొరుగూరిలో ఒకడు రాతిమీద ఇట్టి గీతయే గీసెనని చెప్పినయెడల, వాడు మరచిపోవునా?

ఇక ఆ వ్రాతలో ఏమున్నది? రాజు గెలిచిన యుద్ధములు లేవు. మొదటి పెట్టెమీద ఒక కుటుంబము కనబడును. కురుడను వాని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అనువారు కలిసి ఆ పెట్టెను, స్ఫటికపు భరిణెను చేయించిరట. తండ్రి పేరు చెప్పలేదు, తల్లి పేరు చెప్పలేదు. కురుని నాన్న, కురుని అమ్మ, అంతే. మన పల్లెలలో నేటికిని బిడ్డ పేరుతోనే గదా తల్లిని పిలుచుట! ఇంకొక చోట ఒక గోష్ఠికి, అనగా ఒక సంఘమునకు, చేరినవారి పేర్లు వరుసగా నున్నవి. స్ఫటికపు ముక్క ఒకదానిమీద నందపురపు స్త్రీలు ఇచ్చిన కానుక వ్రాయబడియున్నది. కుబిరకుడను రాజు పేరును ఉన్నది, నిజమే. కాని అతడు సింహాసనముమీద లేడు. ఒక గోష్ఠికి ముఖ్యుడుగా, తక్కినవారితో కలిసి ఒక పెట్టె ఇచ్చిన దాతగా నున్నాడు. మన సంఘములలో చందాల పట్టిక వ్రాయునట్లు వ్రాసినారు. పెద్ద రైతు పేరు మొదట నుండవచ్చును గాని, పట్టిక అందరిది.

నాకు ఇది చాల గొప్ప సంగతిగా తోచుచున్నది. ఏలయనగా పిల్లల చరిత్ర పుస్తకములలో తరచుగా రాజులే యుందురు. వారు పుట్టుదురు, గెలుచుదురు, చనిపోవుదురు. ఆ రాజు తినిన అన్నము ఎవరు పండించిరో పుస్తకము చెప్పదు.

ఆ దిబ్బకు సంబంధించిన మరియొక సంగతి కలదు. అది చెప్పుటకు కొంచెము కష్టము. త్రవ్వకములకు ముందే ఆ స్తూపమును చాలవరకు పడగొట్టిరి. ఇటుకలు రోడ్డుకు పోయెను, రాతి పలకలు కొన్ని కాలువ తూము కట్టడమునకు పోయెను. దొంగలు చేసిన పని కాదు, సర్కారు మరామతు పనివారే చేసిరి. ఇది విన్న పిల్లవాడు వెంటనే కోపపడును. కోపపడనిండు. కాని ఆ కాలువ ఏమిటో కూడ చెప్పవలెను. 1832-33లో నందన కరువు వచ్చినప్పుడు గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనములో ఒకటిన్నర లక్ష నుండి రెండు లక్షల వరకు చనిపోయిరని అంచనా. 1852లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ప్రారంభించి 1855లో ముగించిరి. దానినుండి వచ్చిన కాలువలే తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములకు నీరు తెచ్చినవి. నేడు మనము తిను అన్నము ఆ నీటిదే. అన్నము పెట్టిన కాలువ, కురుని తల్లిదండ్రులు కట్టుటకు సాయపడిన స్తూపపు రాళ్లను మింగినది. రెండును నిజములే. పదేండ్ల పిల్లవానికి ఇది అర్థము కాదని కొందరందురు. నా అనుభవములో పిల్లలకు బాగుగనే అర్థమగును. ఒకే మనిషి మేలును కీడును చేయుట వారు ఇంటిలోనే చూచుచున్నారు.

తెలుగులో చరిత్ర పుస్తకములు ఎట్లు వచ్చినవో కొంచెము చెప్పెదను. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు, స్నేహితులతో కలిసి, విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. ఇంగ్లీషు రానివారికి లోకజ్ఞానము తెలుగులో అందవలెనని వారి కోరిక. ఆ మండలి అచ్చువేసిన మొదటి పుస్తకము ఏ మహారాజు చరిత్రయో కాదు. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. కర్రలు చీల్చి బ్రతికిన పేదవాడు పెరిగి పెద్దవాడై బానిసలను విడిపించిన కథతో మన చరిత్ర గ్రంథమాల మొదలైనదని తలంచినప్పుడెల్ల నాకు సంతోషము కలుగును. పిమ్మట 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము వెలువడెను.

ఆ తరువాత మూడేండ్లకే, 1913 మే నెలలో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ కూడెను. బి. ఎన్. శర్మగారు అధ్యక్షులు. తెలుగువారికి వేరు రాష్ట్రము కావలెనను మాట అక్కడ గట్టిగా వినబడెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము వచ్చినది. ఒక్క పుస్తకము చదివి సభ కూడిరని నేననను. అయినను, తమకొక చరిత్ర కలదని అచ్చులో చూచుకొనిన జనము తలయెత్తి నడచును. ఆ తలయెత్తుట మరీ ఎక్కువైనచో చరిత్ర పొగడ్తగా మారును, అది వేరొక జబ్బు. మన పూర్వులందరు వీరులే, పొరుగువారందరు దుష్టులే యని చెప్పు పుస్తకమును పిల్లల చేతికి ఈయకుడి. రాజవంశముల వరుస విడిచి ప్రజల తిండి, బట్ట, ఆటలు, అంగళ్లు ఎట్లుండెనో వెదకిన పుస్తకము సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అది 1949లో వచ్చెను. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. పెద్దల కొరకు వ్రాసినదే యైనను, పిల్లలకు చెప్పదగిన సంగతులు దానిలో బస్తాలకొద్ది యున్నవి.

ఇక తెనాలి. తెనాలి అనగానే పిల్లలకు రామలింగడు గుర్తుకు వచ్చును. దొంగలచేత నీరు తోడించిన కథ, పిల్లి కథ మనమందరము నవ్వుచు విన్నవే. పాండురంగ మాహాత్మ్యము వ్రాసిన తెనాలి రామకృష్ణ కవి చరిత్రలో నున్నవాడు. పిల్లితో రాజుగారికి బుద్ధి చెప్పినవాడు జనుల నోట పుట్టినవాడు. ఆ కవి అసలు కృష్ణదేవరాయల కొలువులో నుండెనా, తరువాతి కాలమువాడా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. కథను మానిపించవలెనని నేను చెప్పను. కథ కథయే, చరిత్ర చరిత్రయే యని చెప్పి, రెండింటిని ఈయవలెను. “ఇది ఎట్లు తెలిసినది?” అను ఒక్క ప్రశ్న నేర్పిన పుస్తకము నూరు తేదీలు నేర్పిన పుస్తకము కంటె మేలు.

తెనాలివారు పిల్లలకు చేసిన మరియొక ఉపకారము కలదు. 1947 జూలైలో మద్రాసునుండి వెలువడిన చందమామను నాగిరెడ్డిగారితో కలిసి నడిపిన చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుండి 1980లో చనిపోవువరకు దాని సంపాదకత్వపు భారము మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే. చిన్న వాక్యము, తెలిసిన మాట, తొందరలేని నడక. అమ్మమ్మ చెప్పినట్లుండెడిది. నేను చదువుట నేర్చుకొన్నది బడిలోనే గాని, చదువుట ఇష్టమైనది ఆ పత్రికవలన. ఇప్పుడది వెలువడుట లేదు. చరిత్ర వ్రాయువారు ఆ తెలుగును అరువు తెచ్చుకొనినచో ఎంత బాగుండును! పాఠ్యపుస్తకపు తెలుగు నోట కంకరరాళ్లు వేసికొని నమలినట్లుండుట మీకు తెలియనిది కాదు.

చదువరులారా, ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. మన సంఘములలో అనేకుల తాతముత్తాతల పేర్లు ఏ రాజు శాసనములోను లేవు. పొలము పేరు గ్రామ లెక్కలలో నుండును, దాని యజమాని పేరుండును. దున్నినవాని పేరుండదు, నాట్లు వేసినదాని పేరు అసలే యుండదు. వారి పేర్లు మొట్టమొదట సిరాతో వ్రాయబడిన పుస్తకము అనేక గ్రామములలో మన బాప్తిస్మపు రిజిస్టరే. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, తేదీ. భట్టిప్రోలు పెట్టెమీద కురుని కుటుంబము వలె.

ఆ రిజిస్టర్లను మనమెట్లు చూచుకొనుచున్నాము? నేను పూర్వము పనిచేసిన ఒక సంఘములో బీరువా తెరచినప్పుడు పాత రిజిస్టరు అట్టలు మాత్రమే మిగిలియుండెను. లోపల చెదలు. నాలుగు తరముల పేర్లు మట్టియైనవి. కాపరినైన నేను వచ్చిన మొదటి నెలలోనే ఆ బీరువా తెరువవలసినది. రెండేండ్లు తెరువలేదు. స్తూపపు ఇటుకలను రోడ్డుకు పరచినవారిని నేను గట్టిగా నిందింపలేకపోవుటకు అదొక కారణము.

పుస్తకములలో ఇంకను చేరని చరిత్ర మనుష్యుల నోటిలో నున్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలోను, ఈ తీరములోను పదివేలకు పైగా జనము పోయిరి. అప్పుడు నాకు ఆరేడేండ్లు. గాలి చప్పుడు, మా నాయన తలుపుకు వీపు ఆనించి నిలువబడుట, అంతే నాకు గుర్తు. ఆ రాత్రిని పూర్తిగా ఎరిగినవారు ఇప్పుడు ముసలివారైరి. చెట్టు పట్టుకొని తెల్లవార్లు ఎవరున్నారో, నీరు ఎంతవరకు వచ్చెనో, మరునాడు ఎవరు గంజి కాచి పోసిరో వారు చెప్పగలరు.

క్రిందటి వేసవిలో మా సండే స్కూలు పిల్లలకు ఈ పని ఇచ్చితిని. ఒక్కొక్కరు ఒక నోటుపుస్తకము తెచ్చిరి. ఇప్పుడున్న సంఘపు పాత రిజిస్టరు బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకొని రమ్మని, ఒక్కొక్కరిని పిలిచి చూపితిని. తమ ఇంటి పేరు కనబడినవారు కేకలు వేసిరి. ఏడవ తరగతి చదువు ఒక అమ్మాయికి వాళ్ల నాయనమ్మ తల్లి పేరు దొరికెను. ఆ పంక్తిమీద వ్రేలు పెట్టి చాలసేపు చూచి, “అయ్యగారూ, ఇక్కడ ఊరి పేరు చెరిగిపోయింది. ఎవర్ని అడగాలి?” అనెను.

వాళ్ల నాయనమ్మ ఇంకను ఉన్నది. చెవులు సరిగా వినబడవు గాని జ్ఞాపకము గట్టిది. ఆ సాయంకాలమే నోటుపుస్తకము తీసికొని ఆమె యింటికి పోతిమి.