గొంతు చెప్పే లెక్క

అరచేతిలో కాస్త తంబాకు పోసుకుని, చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపి, రెండు చరుపులు చరిచి కింది పెదవి వెనక పెట్టుకునే మనుషుల్ని మనందరం చూశాం. బస్టాండుల్లో, కూలీల అడ్డాల్లో, లారీ క్యాబిన్లలో. ఆ సున్నం రుచి కోసం కాదు. పొగాకులో నికోటిన్ చాలావరకు ఆమ్లాలతో ముడిపడి లవణంగా ఉంటుంది. సున్నం క్షారం కాబట్టి అది తగలగానే ఆ ముడి విడిపోతుంది. విడిపోయిన నికోటిన్ బుగ్గ లోపలి పొరని సులువుగా దాటి రక్తంలోకి పోతుంది. సున్నం తగ్గితే కిక్కు రాదు, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఎంత వేసుకోవాలో చెప్పడానికి మిల్లీగ్రాములు ఎవరికీ అక్కర్లేదు, నోరే చెప్పేది. (అదే నోటికి క్యాన్సర్ వస్తుందన్న సంగతి నోరు ముందుగా చెప్పదు, అది వేరే కథ.)

నికోటిన్ చరిత్రని నేను ఈ సున్నం దగ్గర నుంచే చదువుతాను. ఎంత ఉంది అన్నది సగం సంగతే. ఆమ్లంగా ఉందా, క్షారంగా ఉందా అన్నది మిగతా సగం.

చుట్ట సంగతే చూడండి. చుట్ట పొగ క్షారం వైపు ఉంటుంది. నోట్లో ఉంచుకుంటేనే ఎక్కుతుంది, లోపలికి పీలిస్తే గొంతు మండిపోతుంది. గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న ఒకే ఒక్క విద్యలో ఈ మంట కూడా ఒక పాఠమే అయ్యుంటుంది. సిగరెట్టు దీన్ని తిరగేసింది. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస బొగ్గుల వేడితో ఆకుని పసుపుపచ్చగా ఆరబెట్టాడని చెప్తారు. ఆ పద్ధతే తర్వాత గొట్టాల వేడితో నడిచే బ్యారన్లుగా మారి, 1920ల చివరికి గుంటూరు ప్రాంతానికీ చేరింది. అలా ఆరిన వర్జీనియా ఆకులో చక్కెర మిగిలిపోతుంది, పొగ ఆమ్లం వైపు మొగ్గుతుంది. గొంతు అడ్డు చెప్పదు. పొగ ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్ణించి కొన్ని సెకన్లలో మెదడుకి. మనిషిని ఎక్కువగా చంపిన పొగ మెత్తగా ఉన్న పొగే.

లండన్‌లో మైకేల్ రసెల్ అనే మానసిక వైద్యుడు 1970లలో ఒక విషయం గట్టిగా చెప్పాడు: జనం కాల్చేది నికోటిన్ కోసం, చచ్చేది తారు వల్ల. నికోటిన్ తక్కువున్న సిగరెట్టు ఇస్తే మనిషి తెలియకుండానే ఇంకా గట్టిగా పీలుస్తాడు, ఇంకోటి ముట్టిస్తాడు. అంటే పెట్టె మీద అంకె ఏదైనా, ఒంటికి తన లెక్క తనకుంది.

ఆ లెక్కని సిగరెట్టు లేకుండా తీర్చాలని మొదట ఆలోచించింది స్వీడన్. పొగ తాగడం కుదరని జలాంతర్గామి నావికులు నోట్లో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకోవడం చూసి, లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1967లో హెల్సింగ్‌బోర్గ్‌లోని లియో కంపెనీలో పనిచేసే ఊవె ఫెర్నోకి రాశారు. అలా పుట్టిందే నికోటిన్ చూయింగ్‌గమ్. అందులోనూ క్షారం కలిపారు. మళ్ళీ మన సున్నమే! కాఫీయో, కోలానో తాగి వెంటనే నమిలితే గమ్ సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ పానీయాల పులుపు నోట్లో క్షారాన్ని చంపేస్తుంది.

చైనాలోని షెన్యాంగ్‌లో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ప్యాచ్‌తో మానాలని చూశాడు. పడుకునే ముందు దాన్ని తీయడం మర్చిపోయిన రాత్రులు పీడకలలు వచ్చేవని ఆయనే చెప్పుకున్నాడు. 2003లో ఈ-సిగరెట్టుకి పేటెంటు వేశాడు. తొలి ఏళ్ళలో ఈ ద్రవాల్లో ఎక్కువగా ఉన్నది విడి నికోటిన్. చుట్టలాగా, ఘాటు పెంచితే గొంతు పట్టేసేది. 2015లో అమెరికాలో జూల్ వచ్చింది. బెంజోయిక్ ఆమ్లం కలిపి నికోటిన్‌ని మళ్ళీ లవణంగా కట్టేసింది. బరువులో 5 శాతం, అంటే మి.లీ.కి 59 మి.గ్రా. దాకా. గొంతుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వందేళ్ళ కింద బ్యారన్లో జరిగిందే ఈసారి సీసాలో జరిగింది. యూరప్ మాత్రం 20 మి.గ్రా. దగ్గర గీత గీసింది.

లెస్టర్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి రోజుకి ఒక పెట్టె కాల్చేవాడు. పోయినేడు మానేసి, ఆ 20 మి.గ్రా. లవణం పాడ్‌కి మారాడు. రెండు వారాలకి ఫోన్ చేశాడు.

"సిగరెట్టు మానేశాక తల ఎక్కువ తిరుగుతోందిరా. వెక్కిళ్ళు, పొద్దున్నే వికారం, రాత్రి గుండె దడ. ఇదేనా మానడం అంటే?"

"ఎన్నిసార్లు పీలుస్తున్నావు అన్నయ్యా?"

"లెక్కెవరు పెట్టారు? చేతిలోనే ఉంటుంది కదా."

అక్కడే ఉంది తేడా. సిగరెట్టు అయిపోతుంది. ఒక్కోదాని నుంచి ఒంట్లోకి చేరేది సుమారు ఒక మి.గ్రా., ఆ తర్వాత విరామం. పాడ్ అయిపోదు, గొంతు ఆపమనదు. నికోటిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే రెండు గంటలు పడుతుంది. పది నిమిషాలకోసారి పీలిస్తే సాయంత్రానికి పేరుకుపోతుంది. అన్నయ్య చెప్పినవన్నీ మోతాదు మించితే కనిపించేవే. సరిపోకపోతే కనిపించేవి వేరు: చిరాకు, ఆకలి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. తలనొప్పి, నిద్రలేమి రెండిట్లోనూ ఉంటాయి, అందుకే జనం తికమకపడి ఇంకో దమ్ము లాగుతారు. అక్కడి మానిపించే కేంద్రంలో అడిగి 10కి దిగాడు. పాడ్‌ని పక్క గదిలో పెట్టాడు, పడుకునే ముందు పీల్చడం ఆపాడు. మొదటి వారం వదినతో రోజూ గొడవేనట. తర్వాత దడ తగ్గింది. సిగరెట్టు మళ్ళీ ముట్టుకోలేదు.

మన దగ్గర 2019లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం నిషేధించారు. మానాలనుకునేవాళ్ళకి మెడికల్ షాపులో దొరికేది 2, 4 మి.గ్రా. గమ్, ప్యాచ్. అయినా హైదరాబాద్ కాలేజీ పిల్లల చేతుల్లో రంగురంగుల పాడ్‌లు కనిపిస్తూనే ఉన్నాయి, చాలామంది అంతకుముందు సిగరెట్టే ముట్టనివాళ్ళు. వాటి మీద 50 అని రాసి ఉంటుంది. అది నిజంగా యాభయ్యేనా అని చూసేవాళ్ళు లేరు. మామిడిపండు వాసన, మెత్తటి పొగ. గొంతు ఏమీ అనదు.