మెక్‌క్లింటాక్‌ని నిజంగా ఎవరూ నమ్మలేదా?

జన్యువులు గెంతుతాయని ఒకావిడ చెప్తే అందరూ నవ్వారట, ముప్ఫై ఏళ్ళ తర్వాత వాళ్ళే నోబెల్ ఇచ్చారట. బార్బరా మెక్‌క్లింటాక్ గురించి ఈ కథ మీరూ వినే ఉంటారు. వినడానికి బాగుంటుంది గానీ సగమే నిజం. నాకు మాత్రం ఆ మిగతా సగమే ఆసక్తిగా అనిపించింది.

ముందు ఆవిడ చూసిందేమిటో చెప్పుకుందాం. 1941 నుంచి ఆవిడ మకాం న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాల. పని మొక్కజొన్న మీద. మనం కాల్చుకు తినే పసుపు గింజల కండె కాదు, ఊదారంగు గింజలొచ్చే రకం. రంగు తయారుచేసే జన్యువులో డీఎస్ అనే డీఎన్ఏ ముక్క దూరితే గింజ తెల్లబడుతుంది. కణంలో ఏసీ (మన ఆఫీసుల్లో వణికించేది కాదు లెండి) అనే ఇంకో ముక్క కూడా ఉందనుకోండి, గింజ పెరుగుతుండగా కొన్ని కణాల్లోంచి డీఎస్ బయటికి గెంతేస్తుంది. ఆ కణానికీ, దాన్నుంచి పుట్టినవాటికీ రంగు తిరిగొస్తుంది. తెల్ల గింజ మీద ఊదా మచ్చ అన్నమాట. ముందే గెంతితే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. అంటే గింజే లాగ్ ఫైలు, మచ్చ సైజే టైమ్‌స్టాంపు! డీఎన్ఏ ఆకారం ఎవరికీ తెలియని 1940ల్లో, మైక్రోస్కోపూ కండెలూ పెట్టుకుని చేసిన డీబగ్గింగ్ ఇది.

1950లో పేపర్ వేసింది, 1951లో అక్కడి సింపోజియంలో చెప్పింది. స్పందన చప్పగా ఉంది. 1953 తర్వాత దీని గురించి జర్నల్స్‌లో రాయడం బాగా తగ్గించేసింది. ఇక్కడిదాకా కథ నిజమే.

కానీ అప్పటికే ఆవిడేం అనామకురాలు కాదు. 1944లో అమెరికా నేషనల్ అకాడమీకి ఎన్నికైంది, మరుసటేడు జెనెటిక్స్ సొసైటీకి అధ్యక్షురాలు. మొక్కజొన్న వాళ్ళు గెంతడాన్ని కాదనలేదు కూడా. 1950ల మొదట్లోనే బ్రింక్, పీటర్సన్ తమ మొక్కల్లోనూ అలాంటివి చూశారు. జనానికి మింగుడుపడనిది ఆవిడ రెండోమాట. ఈ ముక్కలు ఊరికే తిరగట్లేదు, ఏ జన్యువు ఎప్పుడు పనిచెయ్యాలో ఇవే నడిపిస్తున్నాయి, ఒక్క కణం నుంచి మొక్కంతా తయారయ్యేది ఇలాగే అంది. అందుకే వాటికి 'కంట్రోలింగ్ ఎలిమెంట్స్' అని పేరు పెట్టింది. 2001లో చరిత్రకారుడు నథానియల్ కంఫర్ట్ రాసిన పుస్తకంలో వాదన ఇదే. నాకు సబబుగానే తోచింది.

1960ల చివర్లో బాక్టీరియాలోనూ గెంతే ముక్కలు దొరికాయి. 1970ల్లో యాంటీబయాటిక్స్‌ని తట్టుకునే జన్యువులు అలాంటి ముక్కలెక్కి ఊరేగుతున్నాయని తేలింది. ఇంకేం, అందరికీ మొక్కజొన్న గుర్తొచ్చింది. 1983లో, 81వ ఏట, ఆవిడ ఒక్కదానికే నోబెల్. అయితే ప్రశంసాపత్రంలో 'కదిలే' జన్యు ముక్కలన్నారే తప్ప 'కంట్రోల్' ఊసే లేదు!

తర్వాత మనుషుల వంతు. 1988లో జాన్స్ హాప్కిన్స్‌లో కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా రోగులను పరీక్షిస్తే, ఇద్దరిలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 జన్యువులో ఎల్1 అనే ముక్క దూరి ఉంది. తల్లిదండ్రుల్లో అది లేదు, కొత్తగా వచ్చి పడింది. అందులో ఒకదాని ఒరిజినల్ 22వ క్రోమోజోము మీద ఉందని 1991లో పట్టుకున్నారు. డీఎస్‌ది కట్-పేస్ట్, ఎల్1ది కాపీ-పేస్ట్. మన జీనోమ్‌లో సుమారు 45 శాతం ఇలాంటి ముక్కల నుంచి వచ్చిందేనని 2001లో లెక్క తేలింది. ఎల్1 కాపీలే 5 లక్షల పైన, వాటిలో ఇంకా గెంతగలిగేవి ఒక్కో మనిషిలో వంద లోపే. మిగతావి చచ్చిన కోడ్. 'చెత్త డీఎన్ఏ' అన్నవాళ్ళు మరీ తప్పేం అనలేదు.

మరి ఆవిడ రెండోమాట? ఆవిడ చెప్పిన రూపంలో నిలబడలేదు. కాకపోతే మన తెల్ల రక్తకణాలు జన్యుముక్కలను కత్తిరించి అతికించి రకరకాల యాంటీబాడీలు తయారుచేస్తాయి కదా, ఆ కత్తెర పేరు రాగ్. 1998లో దాన్ని టెస్ట్‌ట్యూబ్‌లో వేసి చూస్తే, కత్తిరించిన ముక్కను తీసుకెళ్ళి వేరే డీఎన్ఏలో దూర్చేసింది, అచ్చం మొక్కజొన్నలో ఏసీ చేసినట్టే.