అంకెలు లేని ఇండ్లకు టపా

ఐర్లండు పల్లెపట్టులలో బాటలకు పేళ్లు లేవు, ఇండ్లకు అంకెలు లేవు. 'టౌన్‌లాండు' అను పురాతన భూవిభాగము పేరును, ఇంటిపేరును, కౌంటీ పేరును వ్రాసినచో చిరునామా ముగిసెడిది. ఒక టౌన్‌లాండున నున్న పది కొంపలలో నాఱింటివారు ఒకే ఇంటిపేరు గలవారై, అందు మువ్వురు ఒకే నామధేయము గలవారైనను, ఏ జాబు ఎవరిదో టపా బంట్రోతు తడబడక చెప్పగలిగెడివాడు. ఏలయన, తండ్రిపేరును తాతపేరును చేర్చియో, జుట్టు రంగును బట్టియో ఊరివారు తమలో తాము పిలుచుకొను పేళ్లన్నియు నాతనికి కంఠస్థములు. ప్రభుత్వము 2015లో ఇంటింటికిని ఏడక్షరముల సంకేతము నేర్పఱచుదాక, ఆ గణతంత్రమున మూడింట నొకవంతుకు మించిన కట్టడములకు తమకే చెందిన చిరునామా యనునది లేకుండెను.

1840లో ఒక పెన్నీకే జాబు చేర్చు పెన్నీ టపా వచ్చెను గాని, పలుకుబడి గల దొర యొకడు కోరినాడని ఉత్తరములు కొద్దిగానే యున్న దిక్కునకు బంట్రోతును నడిపించుట యప్పటి వాడుక. 1841లో బానహర్ పట్టణమునకు టపాశాఖ గుమాస్తాగా వచ్చి, పిమ్మట నవలాకారుడై కీర్తిగాంచిన ఆంథొనీ ట్రాలోప్, తన జిల్లాలో ఈ యక్రమమును సవరించెను. బంట్రోతును దినమునకు 16 మైళ్లకు మించి నడిపింపరాదని అప్పటి నియమము. అట్లాంటిక్ వానగాలిలో, బురదబాటలలో అది యల్పమైన నడక కాదు.

1845లో బంగాళాదుంపకు తగిలిన తెగులుతో మొదలైన మహాక్షామము లక్షలాది జనులను దేశాంతరములకు వెడలగొట్టిన పిమ్మట, టపా సంచికి మునుపెన్నడును లేని బరువు వచ్చెను. క్రిస్మసుకు ముందు డాలర్లుంచిన అమెరికా జాబుకై తల్లులు గడపలలో నిలిచి బాటవైపు చూచెడివారు. చదువు రాని యింట బంట్రోతో, బడిపంతులో దానిని చదివి వినిపింపవలసినదే.

కెర్రీ తీరమునకు పడమటనున్న గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో టపా పంచు పని దీవి 'రాజు'దే. పాడ్రిగ్ ఓ కహాయిన్ అను నాతనిని జనులు రాజని పిలిచిరి. ఆతనికి కిరీటము లేదు, సిస్తు లేదు, పెద్దఱికమొక్కటే కలదు. చెక్క చట్రముపై గుడ్డ బిగించి తారు పూసిన తేలిక నావలో జలసంధి దాటి, ఎదుటి యొడ్డుననున్న డన్‌క్విన్‌నుండి ఆతడు టపా సంచిని తెచ్చెడివాడు. సముద్రము పొంగిన దినములలో దీవికి జాబు లేదు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డున స్థిరపడిన యన్నలు, అక్కలు తమ వెనుకటివారికి ఓడప్రయాణపు రుసుము పంపుచుండగా, దీవిని ఖాళీచేయు పిలుపులను ఆ దీవి రాజే భుజమున మోసితెచ్చి ఇంటింట నందించుచుండెను. ఈ చరిత్రలో నన్ను మిక్కిలి కలచునది ఇదియే. 1953 నవంబరునాటికి దీవిలో మిగిలినవారు 22 మంది. ప్రభుత్వము వారిని తరలింపగా వారు చేరుకొన్నది, ఆ రాజు ఏ యొడ్డునుండి సంచి తెచ్చెడివాడో ఆ డన్‌క్విన్ యొడ్డునకే.