గుడ్డులో ఇరవై నిమిషాలు

మా ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కన ఒక పాడ్ ఉంది. తెల్లగా, నున్నగా, మనిషి పడుకునేంత పొడవు. లోపల వాలు కుర్చీ, నీలం దీపం, సముద్రపు హోరు. తలుపు మూస్తే ఇరవై నిమిషాలు. టైమ్ అయ్యాక కుర్చీ సన్నగా వణికి మనిషిని లేపుతుంది. తెచ్చిన కొత్తలో మా తెలుగువాళ్ళం దాన్ని ‘గుడ్డు’ అనేవాళ్ళం. “వాడేడీ?” అంటే “గుడ్డులో ఉన్నాడు, ఇంకా పిల్ల బయటికి రాలేదు” అని నవ్వుకోవడం.

రెండేళ్ళు దాని జోలికి పోలేదు. పోయినేడాది ఒక్కసారి దూరాను. ఆ సంగతి తరవాత చెప్తాను గానీ, అప్పట్నుంచీ ఈ పెట్టె అసలెక్కణ్ణుంచి వచ్చిందా అని దొరికినవన్నీ చదువుతున్నాను.

1925లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే అమెరికన్ పత్రికా సంపాదకుడు ‘ఐసొలేటర్’ అని ఒక తలతొడుగు తయారుచేశాడు. చెక్కతో చేసిన బుర్ర, కళ్ళ దగ్గర సన్నని సందు, ఊపిరాడ్డానికి ఆక్సిజన్ గొట్టం. బయటి చప్పుడు వినపడదు. విశ్రాంతికి కాదు లెండి, కూర్చుని ఇంకాస్త పని చేసుకోడానికి.

అసలు కథ మాంట్రియాల్లో ఉంది. 1951లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్న గదుల్లో విద్యార్థుల్ని పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. కళ్ళకు వెలుతురు తప్ప ఆకారం కనపడని అద్దాలు, చేతులకు అట్ట తొడుగులు, తల చుట్టూ దిండు, ఎడతెగని యంత్రం హోరు. భోజనానికీ బాత్రూమ్‌కీ తప్ప లేవడం లేదు. రోజుకి 20 డాలర్లు ఇచ్చేవారు, ఆ రోజుల్లో విద్యార్థికి అది పెద్ద సొమ్ము. అయినా రెండు మూడు రోజులు దాటి ఉండగలిగినవాళ్ళు అరుదు. ఆలోచన నిలిచేది కాదు, లేనివి కనపడేవి. డబ్బు పెట్టింది కెనడా రక్షణ పరిశోధన బోర్డు. మనుషుల మనసు మార్చే పద్ధతుల గురించిన భయమే ఈ పనికి మూలమని హెబ్ తరవాత ఒప్పుకున్నాడు. అంటే మా గుడ్డుకి తాత, మనిషి ఎప్పటికి కూలిపోతాడో చూద్దామని కట్టిన గది.

1954లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జాన్ లిల్లీకి వేరే అనుమానం వచ్చింది. బయటినుంచి ఏమీ అందకపోతే మెదడు నిద్రపోతుందా? చీకటి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, ముఖానికి తొడుగు తగిలించుకుని తనే దిగాడు. మెదడు నిద్రపోలేదు. పైగా ఆయనకది నచ్చింది! దాదాపు అదే ఏకాంతం మాంట్రియాల్ కుర్రాళ్ళను హడలగొట్టింది, ఈయనకు హాయినిచ్చింది. తేడా గదిలో ఉందని నేననుకోను. ఈయన తనంతట తాను దిగాడు, ఆ కుర్రాళ్ళు కూలికి పడుకున్నారు.

1970ల మొదట్లో గ్లెన్ పెర్రీ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్ లిల్లీ తొట్టెను ఇళ్ళకు అమ్మడం మొదలుపెట్టాడు. కంపెనీకి పెట్టిన పేరు ‘సమాధి’. వాళ్ళ ఉద్దేశం యోగసమాధి. మన ఊళ్ళో ఎవరైనా “సమాధిలో పడుకుని వస్తా” అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

తరవాతిది వ్యాపారం. 2004లో న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనంలో మెట్రోనాప్స్ వాళ్ళు కునుకు తీసే కుర్చీలు అద్దెకిచ్చారు. అక్కణ్ణుంచి పెద్ద ఆఫీసుల్లోకి పాకాయి. 2021 మేలో అమెజాన్ తన గోదాముల కోసం ఫోన్ బూత్ లాంటి గది చూపించింది. లోపల కుర్చీ, మొక్కలు, మనశ్శాంతి వీడియోలు. పేరు అమాజెన్. జనం ఎంత ఎగతాళి చేశారంటే ఆ ప్రకటన వీడియోను తీసేసుకోవాల్సి వచ్చింది. పనిని ముట్టుకోకుండా పనివాణ్ణి కాసేపు పెట్టెలో పెడితే సరిపోతుందా అన్నదే వాళ్ళ కోపం. నా మొగ్గూ అటే. మాంట్రియాల్లో లోపల ఉన్నందుకు డబ్బిచ్చారు, మాకు బయటికొచ్చి కూర్చున్నందుకు ఇస్తారు.

కానీ నేనూ దూరాను కదా.

పోయిన మార్చిలో, ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి, విజయవాడ నుంచి అక్క ఫోన్. అక్కడ రాత్రి పది. “నాన్నకి వెంటిలేటర్ పెట్టమంటారా అని అడుగుతున్నార్రా. సంతకం చెయ్యాలి. నువ్వేమంటావ్?” మా ఆఫీసులో గోడల్లేవు. మీటింగ్ గదులన్నీ నిండి ఉన్నాయి. పాడ్ మీద పచ్చ దీపం కనపడింది.

లోపల సముద్రపు హోరు ఎలా ఆపాలో తెలీలేదు. “ఏంట్రా ఆ చప్పుడు, బీచ్‌లో ఉన్నావా?” అంది అక్క. ఇద్దరం నవ్వాం, తరవాత ఏడ్చాం. వద్దన్నాడు కదా నాన్న, ముందే చెప్పాడు కదా అని ఒకరికొకరం నాలుగైదుసార్లు చెప్పుకున్నాం. వద్దనే అన్నాను. అక్క “సరే” అని ఇంకేదో అంటుండగా కుర్చీ వణికింది.

తలుపు తీశాను. బయట ఒకమ్మాయి కాఫీ పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉంది. నా మొహం చూసి, నేను పక్కకి జరిగాక కూడా కాసేపు లోపలికి వెళ్ళలేదు.