డాక్టర్ బోర్డుపై ఆ నంబర్ ఉందా? పన్ను పీకించుకునే ముందు ఇది చూడండి

కరీంనగర్, ఆదిలాబాద్: ఊళ్లో కొత్తగా డెంటల్ క్లినిక్ పెట్టారు. బోర్డు మీద 'డాక్టర్' అని పెద్ద అక్షరాలతో ఉంది. మరి ఆయన నిజంగా డాక్టరేనా? తెలుసుకోవడానికి ఒక నంబర్ చాలు. అదే రిజిస్ట్రేషన్ నంబర్.

ఎవరికి ఎవరు ఇస్తారు?
ఎంబీబీఎస్, ఆపై చదివిన వాళ్లకు తెలంగాణ మెడికల్ కౌన్సిల్ నంబర్ ఇస్తుంది. బీడీఎస్, ఎండీఎస్ చేసిన డెంటిస్టులకు ఇచ్చేది రాష్ట్ర డెంటల్ కౌన్సిల్. నర్సులకు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టులకు ఫార్మసీ కౌన్సిల్ వేరుగా ఉన్నాయి. అందుకే పళ్ల డాక్టర్ పేరు మెడికల్ కౌన్సిల్ లిస్టులో కనిపించకపోతే నకిలీ అనుకోవద్దు. డెంటల్ కౌన్సిల్‌లో వెతకాలి.

నంబర్‌లో ఏముంటుంది?
మెడికల్ కౌన్సిల్ నంబర్ ముందు టీఎస్‌ఎంసీ/ఎఫ్‌ఎంఆర్ లాంటి అక్షరాలు ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టర్ అయిన సీనియర్ డాక్టర్ల పాత నంబర్లు ఏపీఎంసీతో మొదలవుతాయి. రెండూ అసలువే. డెంటిస్టుల రిజిస్టర్‌ను 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం ఏ, బీ అని రెండు భాగాలు చేసింది. ఏ భాగం డిగ్రీ ఉన్నవాళ్లది. డిగ్రీ లేకున్నా ఆనాటికే కనీసం 5 ఏళ్లుగా పళ్ల వైద్యమే బతుకుదెరువుగా ఉన్నవాళ్ల కోసం బీ భాగం పెట్టారు. ఇప్పుడు కొత్తగా ప్రాక్టీస్ పెట్టాలంటే బీడీఎస్ ఉండాల్సిందే.

ఎక్కడ కనిపించాలి?
2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం డాక్టర్ తన నంబర్‌ను క్లినిక్‌లో పెట్టాలి. మందుల చీటీ, సర్టిఫికెట్, ఫీజు రసీదు మీద కూడా రాయాలి. ఫోన్‌లో, వీడియో కాల్‌లో వైద్యం చేసినా అంతే. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఈ రూల్ ఉంది. చీటీ మీద నంబర్ లేకపోతే అడిగే హక్కు పేషెంట్‌కు ఉంది. మొహమాటపడాల్సిన పని లేదు.

కొత్తగా వచ్చిన 14 అంకెల ఐడీ ఏంటి?
కేంద్రం 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతా మొదలుపెట్టింది. ఇందులో పేషెంట్‌కు 14 అంకెల ఆభా నంబర్ ఇస్తారు. డాక్టర్లు, డెంటిస్టులు, నర్సులకు హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీ ఉంది. అందులో చేరినవాళ్లకు 14 అంకెల ఐడీ వస్తుంది. ఆస్పత్రులు, క్లినిక్‌లు, ల్యాబ్‌లకు మరో రిజిస్ట్రీ. చేరడం స్వచ్ఛందమే. కాబట్టి ఈ ఐడీ లేనంత మాత్రాన డాక్టర్ నకిలీ కాదు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు ఇది బదులు కూడా కాదు.

అమెరికాలో ఎలా?
అక్కడ ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు డెంటిస్టులకు ఎన్‌పీఐ అనే 10 అంకెల నంబర్ బాగా తెలుసు. బీమా బిల్లులకు 2007 మే 23 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. డాక్టర్ ఏ రాష్ట్రానికి మారినా నంబర్ మారదు. చివరి అంకె చెకింగ్ కోసమే. ఒక అంకె తప్పు పడితే కంప్యూటర్ పట్టేస్తుంది. అయితే అక్కడ కూడా ఎన్‌పీఐ అంటే లైసెన్స్ కాదు. లైసెన్స్ ఇచ్చేది ఆ రాష్ట్ర బోర్డే.

సరిహద్దు ఊళ్లలో జాగ్రత్త
ఆదిలాబాద్ జిల్లాకు ఆనుకునే మహారాష్ట్ర ఉంది. అక్కడి కౌన్సిల్ నంబర్‌తో ఇక్కడ క్లినిక్ పెడితే, తెలంగాణ కౌన్సిల్‌లో నమోదు చేయించుకున్నారో లేదో అడగాలి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు మారితే మాత్రం కొత్త నంబర్ అక్కర్లేదు. రెండు చోట్లా కౌన్సిల్ ఒక్కటే.

చెక్ చేయడం ఎలా?
* బోర్డు లేదా చీటీ మీది పేరు, డిగ్రీ, నంబర్ రాసుకోండి.
* సంబంధిత కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి. దొరక్కపోతే ఆఫీసులో అడగండి.
* నంబర్ ఉంటే సరిపోదు. అది అదే వ్యక్తిదా, రెన్యువల్ అయిందా అన్నది చూడండి. వేరే డాక్టర్ నంబర్ పెట్టుకుని నడిపే క్లినిక్‌లతోనే అసలు ప్రమాదం.
* ఆస్పత్రికి జిల్లా వైద్యాధికారి ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వేరు. దాన్నీ అడగండి.

అనుమానం వస్తే?
ముందు మీ జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయండి. 2016 అక్టోబర్ 11న జిల్లాల విభజన తర్వాత జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లకు ఆఫీసులు వేరయ్యాయి. పాత జిల్లా కేంద్రానికి వెళ్తే తిరుగుడే మిగులుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఒక పన్నే కదా అని వదిలేయొద్దు. సరిగా శుభ్రం చేయని పరికరాలతో హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ లాంటివి సోకే ముప్పు ఉంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పన్ను పీకడం ప్రాణం మీదికి రావొచ్చు. కుర్చీలో కూర్చునే ముందే నంబర్ చూసుకోవడం మంచిది.