మూడున్నర శ్రుతి ఎందుకు లేదు?

కర్ణాటక సంగీతం పాడేవాళ్ళు తమ గొంతు గురించి చెప్పేటప్పుడు ఒక అంకె వేస్తారు. "నాది ఒకటిన్నర", "ఆవిడది అయిదున్నర" అని. వినేవాళ్ళకి ఇదేదో అనాదిగా వస్తున్న శాస్త్రపు లెక్కలా అనిపిస్తుంది. కాదు, ఇది హార్మోనియం మెట్ల లెక్క. తెల్ల మెట్లకి ఒకటి నుంచి ఏడు, మధ్యలో నల్ల మెట్లకి అరలు. మూడో తెల్ల మెట్టుకీ నాలుగోదానికీ మధ్య నల్లది లేదు. అందుకే మూడున్నర శ్రుతి అనేది ఎవరికీ ఉండదు.

హార్మోనియంకి పారిస్‌లో దెబేన్ పేటెంట్ తీసుకున్నది 1842లో. త్యాగరాజు పోయింది 1847లో. అంటే "స్వామీ, మీ శ్రుతి ఎంత?" అని ఆయన్ని అడిగి ఉంటే ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదేమో. తంబురా బిరడాలు తిప్పి, పూసలు జరిపి, గొంతుకి ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ షడ్జమం పెట్టుకునేవారు. దానికి పేరు లేదు, అవసరమూ లేదు. షడ్జమం ఎక్కడ పెడితే అక్కడే పాట మొత్తం దాని వెంట వస్తుంది.

చేతితో తిత్తి కొట్టే హార్మోనియం మన దేశంలో తయారవడం మొదలైంది 19వ శతాబ్దం చివర్లో, కలకత్తాలో. మన నాటక సమాజాలు పుట్టిందీ ఆ కాలంలోనే. సురభి వాళ్ళ తొలి ప్రదర్శన 1885లో. పద్యనాటకానికి హార్మోనియం ఎంతగా అతుక్కుపోయిందంటే, అది లేని శ్రీకృష్ణరాయబారాన్ని ఊహించడం కష్టం. మైకు లేని రోజుల్లో పద్యం చివరి వరసదాకా వినబడాలంటే హెచ్చు శ్రుతి తప్పదు. ఎన్ని గొంతులు అలా అరిగిపోయాయో ఎవరు లెక్కపెట్టారు?

ఇక్కడ అసలు కష్టం హార్మోనిస్టుది. గాయకుడికి శ్రుతి మారడం అంటే గొంతు కాస్త ఎత్తడమో దించడమో. వాయించేవాడికి మాత్రం వేళ్ళదారి అంతా మారిపోతుంది. ఒకటో శ్రుతిలో శంకరాభరణం అన్నీ తెల్ల మెట్లే, పిల్లలు కూడా వాయిస్తారు. అదే నాలుగున్నరకి జరిపితే అయిదు నల్లవి, రెండే తెల్లవి. మోహన అయితే ఆ శ్రుతిలో ఒక్క తెల్ల మెట్టు కూడా తగలదు! కృష్ణుడికి ఒక శ్రుతి, కర్ణుడికి ఇంకో శ్రుతి అయితే, ఒకరి పద్యం అయిపోయి రెండోవారు రాగం అందుకునేలోపే ఆ మార్పు జరిగిపోవాలి. వన్స్‌మోర్లు మాత్రం నటులకి. ఆ తర్వాత మెట్ల పలకనే పక్కకి జరిపే స్కేల్ ఛేంజర్ పెట్టెలు వచ్చాయి. వేళ్ళు అక్కడే ఉంటాయి, శ్రుతి మారుతుంది.

గిటార్ వాళ్ళకి ఇది ఇంకో రూపంలో తెలుసు. సి, ఎఫ్, జి కార్డ్స్‌తో ఉన్న పాట గొంతుకి అందకపోతే, నల్లవీ తెల్లవీ కలిపి రెండు మెట్లు దించి బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ చేసుకుంటారు. కార్డ్స్ మధ్య దూరాలు చెక్కుచెదరవు. కాకపోతే బి ఫ్లాట్ పట్టడం కొత్తవాళ్ళకి నరకం, అందుకే ఎ దగ్గర ఆగి డి, ఇ లతో సరిపెట్టుకుంటారు.

మైకు వచ్చాక గొంతు ఎత్తాల్సిన అగత్యం తగ్గింది. కచేరీల్లో మామూలుగా మగవాళ్ళది ఒకటీ రెండూ, ఆడవాళ్ళది అయిదూ ఆరూ. ఈ దూరంతో చిక్కొచ్చిపడింది సినిమా యుగళగీతానికి. ఇద్దరికీ షడ్జమం ఒకటే కావాలి. ఎక్కడ పెట్టినా ఒకరు మెడ సాచాలి, లేదా ఒకరు గొంతు అణచుకోవాలి. పాట విని ఎవరు సర్దుకున్నారో కనిపెట్టడం సరదాగా ఉంటుంది గానీ, వాళ్ళకది సరదా కాదు.

ఇంత చేసిన పెట్టెని ఆకాశవాణి 1940లో వెలేసింది. దాని స్వరాలు మెట్లకి బిగించినవి, గమకం పలకదు అన్నది అభియోగం. అది నిజమే. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం దాని చేత కాదు. 1971లో గానీ నిషేధం సడలలేదు. అయితే ఆ ముప్ఫై ఏళ్ళూ రేడియోలో పాడిన విద్వాంసులు తమ శ్రుతి చెప్పుకోవడానికి వాడిన అంకెలు మాత్రం ఆ పెట్టెవే.